రోలర్ మామ దావ

ఫ్యాక్టరీ బస్సు సత్యవేడు దాటిందో లేదో ఫోను మోగింది. అమ్మ. ఆ వేళప్పుడు ఆమె ఫోన్ చెయ్యదు.

"రేయ్, రోలర్ మామ పోయినాడంట రా."

చావు కబురు కంటే ముందు నా చెవికి తగిలింది ఆ "అంట". మా గడపకూ ఆయన గడపకూ మధ్య అరవై అడుగుల దారి. ఆయన దగ్గితే మా వంటింట్లోకి వినపడుతుంది. అలాంటి మనిషి పోతే మా అమ్మ ఏదో దూరపు ఊరి సంగతి చెప్పినట్టు "పోయినాడంట" అంది. ఆమె నోట్లో ఆ మాట పెట్టినవాణ్ణి నేనే. ఎట్లా పెట్టానో ఆయన బతికుండగా ఒప్పుకోవాల్సింది. మూడేళ్లు రోజూ ఆయన ముఖం చూస్తూ ఒప్పుకోలేదు. శ్రీ సిటీ గేటు ముందర బస్సు దిగి, పుత్తూరుకు తిరుగు బస్సెక్కి, దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకుంటూ వచ్చాను. ఏం లాభం?

రోలర్ మామ రోడ్డు రోలర్ నడిపిన మనిషి. ఉద్యోగం చేసినంత కాలం పుత్తూరు, నగరి, కార్వేటినగరం చుట్టూతా రోడ్ల మీద ఆ బండిని ముందుకూ వెనక్కూ నడిపాడు. "ముప్పై ఏండ్లు బండి తోలినా గదా అల్లుడా, ఒక్క ఊరు దాటలే. తిరపతికి పోవాలంటే నేనూ బస్సే ఎక్కాల" అని నవ్వేవాడు. మాకు రక్తసంబంధం లేదు. ఆయనది నమాజు చేసే ఇల్లు, మాది దీపం పెట్టే ఇల్లు. పక్కపక్కన స్థలాలు కొని ఒకే ఏడు ఇళ్లు కట్టుకున్నాము. మొదటి రోజే మా అమ్మను "సెల్లెమ్మా" అన్నాడు. ఆమె "అన్నా" అంది. దాంతో ఆయన నాకు మామ, ఆయన భార్య అత్త అయిపోయారు.

పుత్తూరు శివార్లలో మా రెండిళ్లూ ఒక మిట్ట మీద ఉన్నాయి. తారురోడ్డు కింద ఆగిపోతుంది. అక్కడి గేటు నుంచి పైకి వచ్చే దావ, అంటే దారి, మా రెండిళ్లదే. గేటు పక్కనే ఆయనిల్లు, దారి చివర మెట్లెక్కితే మాది. ఇల్లు కట్టిన కొత్తలో నేను సిమెంటు వేయిద్దామన్నాను. మామ ఒప్పుకోలేదు. "సిమెంటు ఒకసారి పగిలిందంటే ఇంక అంతే. జల్లి అయితే దినామూ సరిదిద్దుకోవచ్చు" అన్నాడు. కంకరను మా పక్క జల్లి అంటాము. రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి, దాని మీద ఒక ట్రాక్టరు సన్న జల్లి తోలించాడు. పాత నీళ్ల పైపు లావుపాటి ముక్కలో కాంక్రీటు కూరి, నడుమ ఇనుప కడ్డీ దూర్చి, లాగడానికి పిడి అతికించి తన సొంత రోలరు చేసుకున్నాడు. దాన్ని మా మెట్ల పక్కనే నిలిపేవాడు. పల్లంలోకి దొర్లకుండా వెనక ఒక బల్లపరుపు రాయి అడ్డం పెట్టేవాడు.

మీలో ఎవరింటి ముందరైనా జల్లి దారి ఉంటే మీకు తెలిసే ఉంటుంది, దానికి రోజూ చాకిరీ చెయ్యాలి. వానకు కోసుకుపోతుంది, చక్రాలకు గాడి పడుతుంది, అంచుల్లో గరిక లేస్తుంది. మామ తెల్లవారి నమాజు అయ్యాక ఇనుప పళ్ల దంతె పట్టుకుని వచ్చేవాడు. అంచుల్లోకి జారిన జల్లిని దంతెతో నడుమకు లాగేవాడు. బక్కెట్టు నీళ్లు చేత్తో చల్లేవాడు, ముగ్గుకు ముందు వాకిలి చల్లినట్టు. నీళ్లు ఇంకేదాకా ఆగి, అప్పుడు రోలరు లాగేవాడు. ఎప్పుడూ మా మెట్ల దగ్గరే మొదలుపెట్టి తన గడప దగ్గర ఆపేవాడు. అదేంది మామా, నీ ఇంటి ముందర మొదలుపెట్టొచ్చు గదా అంటే, "పైనుంచే గదప్పా నీళ్లు దిగేది" అనేవాడు.

జోరువానలో అందరం లోపలికి పరిగెత్తితే ఈయన గొడుగేసుకుని బయటికి వచ్చేవాడు. వంగి, నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తూ దారి పొడుగునా నడిచేవాడు. అత్త గడపలో నిలబడి ఉర్దూలో తిట్టేది. "రాయిని సూసేదానికి ఎండపొద్దు ఉండాది. నీళ్లను సూడాలంటే వానలోనే సూడాల" అని నాకు చెప్పేవాడు, ఆమెకు వినపడేటట్టు. తారురోడ్డు మీదికి ఎగిరిన రాళ్లను ఏరి జుబ్బా జేబులో వేసుకుని వచ్చి దారిలో పోసేవాడు. ఆ జేబులు కుట్టీ కుట్టీ మా అమ్మకు విసుగొచ్చేది.

మా అమ్మ మిషను కుట్టేది. పుత్తూరులో సగం మంది ఆడవాళ్ల జాకెట్లు ఆమె కత్తెర కింద నుంచే పోయేవి. మామ రోలరు లాగడం అయ్యేసరికి ఆమె స్టీలు గ్లాసులో అల్లం టీ తెచ్చి ఆ అడ్డురాయి మీద పెట్టేది. ఆయన మెట్ల మీద కూర్చుని తాగేవాడు. "అన్నా, ఈ జేబుకు ఇంగ గోనెపట్ట వేస్తా సూడు." "వెయ్యి సెల్లెమ్మా, ఇంగా బరువు మోయొచ్చు." రోజూ ఇవే మాటలు, రోజూ ఇదే నవ్వు. పొద్దున్నే బస్సు కోసం ఉరికే నాకు ఈ ముసలోళ్లకు వేరే పని లేదా అనిపించేది. ఇప్పుడు ఆ నవ్వు ఒక్కసారి వినడానికి ఏమైనా ఇచ్చేస్తాను.

మా మెట్ల ముందర నేను బైకు తిప్పే చోట ఎప్పుడూ గుంత పడేది. మామ ఎన్నిసార్లు మొత్తుకున్నాడో. "నిలబడినచోటనే హ్యాండిలు తిప్పొద్దు అల్లుడా, నేల చర్మం లేసిపోతాది. రొంత ముందుకు పోయి తిప్పు." నేను వింటేనా! గుంత పడితే మామ దాన్ని వెంటనే పూడ్చేవాడు కాదు. ముందు గడ్డపార తీసుకుని ఆ గుంతను ఇంకా లోతుగా, చుట్టూ జానెడు వెడల్పుగా తవ్వేవాడు. చూసేవాళ్లకు ముసలాయనకు మతి పోయిందనిపిస్తుంది.

"గుంత మీద జల్లి పోస్తే గుంత పోదప్పా. కింద అట్లనే ఉంటాది, పైన కనపడదు అంతే. ముందు దాన్ని తవ్వాల. అడుగు గట్టినేల తగలాల. అప్పుడు తడిపి, పొర పొరగా పోసి అణచాల."

మూడేళ్ల కిందట మామ, అత్త చిత్తూరులో ఉన్న కూతురింటికి వారం రోజులు పోయారు. పోయే ముందర నన్ను పిలిచి ఆ గుంత చూపించాడు. "నిన్నటి వానకు పెద్దదయిండాది. మీ అమ్మ దిగే తావు. ఆదివారం నాడు తవ్వి, తడిపి, అణిచెయ్యి. సేస్తావు గదా?" అన్నాడు. చేస్తా మామా, నువ్వు పో, అన్నాను.

ఆదివారం క్రికెట్ చూశాను. సోమవారం పొద్దున బస్సుకు పది నిమిషాలుందనగా గుంత గుర్తొచ్చింది. గోడ పక్కన కుప్ప పోసిన జల్లిని రెండు బాండ్లిలు ఎత్తి, గుంతలో ఒక కాలు పెట్టి నిలబడి కుమ్మరించాను. కాలితో పైపైన చదును చేశాను. చూడ్డానికి చక్కగా ఉంది. నా తెలివికి నేనే మెచ్చుకుని బైకెక్కాను.

మధ్యాహ్నం ఫ్యాక్టరీలో ఉండగా ఫోను. అమ్మ మెట్లు దిగి ఆ జల్లి మీద కాలు పెట్టింది. రాళ్లు గోళీల్లా దొర్లాయి. కుడిచెయ్యి కింద పడేటట్టు పడింది. నేను వచ్చేసరికి మణికట్టు వాచి బుడ్డలా ఉంది. కట్టు కట్టించాము. ఎముక అతికింది గానీ మణికట్టు తిరగలేదు. వయసు మీద పడిన చెయ్యి. ఆ తరవాత ఆమె కత్తెర పట్టలేదు. మిషను మీద దుప్పటి కప్పేసింది.

కబురు తెలిసి మర్నాడే మామ చిత్తూరు నుంచి వచ్చేశాడు. చేతిలో సంచీ ఇంట్లో కూడా పెట్టకుండా నేరుగా మా మెట్ల దగ్గరికి వచ్చాడు. అప్పటికి అమ్మను చూడ్డానికి వీధిలో నలుగురైదుగురు వచ్చి ఉన్నారు. అమ్మ కట్టుతో కుర్చీలో ఉంది. నాకు లోపల భయం. నేను చేసిన పని ఎక్కడ బయటపడుతుందోనని. ఆ భయంలో నోరు లేచింది.

"వద్దు మామా అంటే విన్నావా? సిమెంటు వేయిద్దామంటే విన్నావా? నీ జల్లి పిచ్చి వల్ల మా అమ్మ చెయ్యి పోయింది సూడు!"

అందరూ ఆయన వంక చూశారు. మామ సంచీ కింద పెట్టి గుంత దగ్గర గొంతుక్కూర్చున్నాడు. వేలితో జల్లిని కెలికాడు. నాలుగు రాళ్లు పక్కకు జరగ్గానే కింద తవ్వని గుంత, తడవని మట్టి, నా చెప్పు గుర్తు కనపడ్డాయి. ముప్పై ఏళ్లు నేలను అణచిన మనిషికి అంతకంటే ఏం కావాలి? తల ఎత్తి నా ముఖంలోకి ఒక్కసారి చూశాడు. నేను కళ్లు దించుకున్నాను.

ఆ రాళ్లను మళ్లీ గుంత మీదికి నెట్టి లేచాడు. అమ్మ ముందర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నాదే తప్పు సెల్లెమ్మా. పొయ్యే ముందర నేనే అణిచి పోవాల్సింది."

అదీ సంగతి. ఆ మాట ఆయన అంటుంటే నేను అక్కడే ఉన్నాను. కాదు మామా, నేనే, అని రెండు మాటలు అంటే సరిపోయేది. ఎవరూ నన్ను కొట్టేవాళ్లు కాదు. అమ్మ ఏడ్చేది, తిట్టేది, రెండు రోజులకు మరిచేది. ఎంత సిగ్గుమాలినవాణ్ణి కాకపోతే ఆ పెద్దాయన నెత్తిన వేసి ఊరుకుంటాను!

అమ్మ మాత్రం మరవలేదు. ఆమె పోట్లాడే మనిషి కాదు, ముఖం తిప్పుకునే మనిషి. చెయ్యి పోయిన కోపాన్నంతా ఆ దారి మీద, ఆ మనిషి మీద పెట్టుకుంది. ఆ రోజు నుంచి ముందు మెట్లు దిగలేదు. పెరటి వాకిలి గుండా, పక్కన ఖాళీ స్థలం చుట్టూ తిరిగి రోడ్డెక్కేది. టీ ఆగిపోయింది. గంగమ్మ జాతరకు ఆయనింటికి పంపే అంబలి ఆగిపోయింది. రంజానుకు మామ రెండు చేతులతో గిన్నె పట్టుకుని ఆ దారి వెంట తెచ్చే సేమియా పాయసాన్ని అత్త పెరటి వైపు నుంచి తెచ్చి ఇచ్చి పోవడం మొదలైంది.

వారం తిరక్కముందే మామ తన రోలరునూ, ఆ అడ్డురాయినీ కిందికి, తన గోడ పక్కకు మార్చుకున్నాడు. ఎవరూ మార్చమనలేదు. అయినా పొద్దున్నే దారి సవరించడం మానలేదు. డెబ్భై దాటిన మనిషి రోజూ ఆ బరువును ఎగువకు లాక్కుని వచ్చి, ఎప్పటిలాగే మా మెట్ల దగ్గర మొదలుపెట్టేవాడు. నడవని మనిషి కోసం దారి సాపు చేసేవాడు. నా బైకు గుంతను రాగానే తవ్వి, తడిపి, పొర పొరగా నింపి, ఎన్నిసార్లు అణిచాడో లెక్కలేదు.

ఒప్పుకోవాలని ఒక్కసారి పోయాను. నమ్మండి, పోయాను. కార్తీక మాసం వానలు ఆగిన మర్నాడు ఆయన ఎగువకు రోలరు లాగలేక నడుమ నిలబడి రొప్పుతున్నాడు. పోయి పిడి అందుకున్నాను.

"ఏం అల్లుడా, బస్సు పోలేదా?"

"మామా, ఆ దినం ఆ గుంతలో..."

"నీళ్లు తే పో. ఆరిపోతా ఉండాది" అన్నాడు ఆయన నా మాట పూర్తి కానివ్వకుండా.

నీళ్లు తెచ్చాను. బతుకుజీవుడా అనుకున్నాను. ఆయన నన్ను సిగ్గుపడనివ్వకుండా తప్పించాడు, నేను హాయిగా తప్పుకున్నాను.

పోయిన రోజు పొద్దున కూడా నమాజు అయ్యాక బక్కెట్టుతో పైకి వచ్చాడట. మా మెట్ల నుంచి సగం దాకా నీళ్లు చల్లి, ఆయాసంగా ఉందని ఇంటికి పోయి కుర్చీలో కూర్చుని అత్తను టీ అడిగాడు. ఆమె తెచ్చేసరికి లేడు. నేను చేరేసరికి మబ్బు పట్టి ఉంది. దారి పై సగం ఇంకా తడిగా, కింది సగం పొడిగా కనిపించింది.

జనాజాకు భుజం ఇచ్చాను. ఖబరస్తానులో అందరితో పాటు మూడు గుప్పిళ్లు మట్టి వేశాను. ఆ తరవాత పారలతో మట్టి పూడ్చి, పైన కుప్పగా చేర్చి, అందరూ దువా చేసి లేచారు. నేను లేవలేకపోయాను. ఒక పక్క మట్టి జారి ఉంది. రెండు అరచేతులతో నడుమకు లాగాను. నడుమ ఎత్తు, పక్కలకు వాలు, నీళ్లు నిలవకుండా. ఆయన నేర్పించిందే. వెనకాల ఎవరో "సాలు లేప్పా" అన్నారు. నాకు ఇంకా సరిగా వచ్చినట్టు అనిపించలేదు.

సాయంత్రం స్నానం చేసి వంటింట్లోకి పోయాను. నా భార్య తిరుపతిలో డ్యూటీ దిగి ఇంకా ఇంటికి రాలేదు. అమ్మ ఒక్కతే ఎడమచేత్తో బియ్యం ఏరుతోంది. చెప్పేశాను. ఆదివారం క్రికెట్ దగ్గర నుంచి చెప్పు గుర్తు దాకా, ఒక్కటీ దాచకుండా చెప్పాను.

ఆమె బియ్యం ఏరడం ఆపలేదు. తల ఎత్తకుండానే అడిగింది.

"అన్నకు తెలుసునా?"

"తెలుసు. సూసిన నిమిషమే."

ఆమె చేట పక్కన పెట్టింది. వంకరపోయిన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని దానికేసి చూస్తూ కూర్చుంది.

"దినామూ ఈ మెట్ల కాడికి వచ్చి రోలరు తిప్పుకొని పోతా ఉన్నాడు రా. ఆ సప్పుడు వింటానే నేను కిటికీ మూసేదాన్ని."

అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు, అన్నం మాత్రం పెట్టింది.

మూడోరోజు సమాధి దగ్గర ఫాతిహా చదివే జియారత్ అయ్యాక అత్త దగ్గరికి పోయి ఆమెకూ చెప్పాను. అత్త దుప్పట్టా కొంగుతో కళ్లొత్తుకుంది.

"నాకు తెలుసులే నాయనా. ఆ దినమే సెప్పినాడు. ఎందుకు నువ్వు మాట పడినావు అని నేను కొట్లాడినా. 'ఆమెకు ఉండేది వాడొక్కడే. నాదేముండాది, నేను పక్కింటోణ్ణి' అనినాడు."

నేను అక్కడ ఇంక కూర్చోలేకపోయాను. పక్కింటోడట! దారి మీదికొచ్చి, మా మెట్ల ముందర ఆ గుంత చోట వంగి అరచెయ్యి ఆనించాను. ఇద్దరెక్కిన బైకు తిరిగినా కదలనంత గట్టిగా ఉంది.

ఐదోరోజు పొద్దున సెలవు పెట్టాను. దంతె పట్టుకుని అంచుల్లో జారిన జల్లిని నడుమకు లాగాను, బక్కెట్టుతో నీళ్లు చల్లాను. నా చేతికి ఆయన చల్లినట్టు రాలేదు, ఒకచోట మడుగు, ఒకచోట పొడి. నీళ్లు ఇంకేదాకా ఆగుదామని నిలబడ్డాను.

ముందు తలుపు తీసిన చప్పుడైంది. మూడేళ్ల తరవాత మొదటిసారి మా అమ్మ మెట్ల మీదికి వచ్చింది. ఎడమచేతిలో స్టీలు గ్లాసు, పొగలు వస్తున్నాయి. చివరి మెట్టు మీద ఆగింది.

"యాడ రా పడింది నేను?"

చూపించాను. ఆమె వట్టి పాదం తీసి సరిగ్గా అక్కడే పెట్టింది. కాసేపు బరువంతా దాని మీదే ఉంచి నిలబడింది. ఒక్క రాయి దొర్లలేదు.

"అన్నా" అంది, దారితో మాట్లాడినట్టు.

నేను చెయ్యి పట్టుకోబోతే వద్దంది. తడి జల్లి మీద మెల్లగా, ఒక్కో అడుగూ వేసుకుంటూ అరవై అడుగులూ దిగింది. అల్లం వాసన నా దాకా వచ్చింది. ఆయన గోడ పక్కన రోలరు వెనక ఉన్న అడ్డురాయి మీద, ఎప్పుడూ పెట్టినట్టే ఆ గ్లాసు పెట్టింది. పైట సర్దుకుని అత్త గడపలోకి పోయింది. లోపల ఇద్దరు ఆడవాళ్ల ఏడుపు వినపడింది.

దారి మీద మా మెట్ల నుంచి ఆయన గోడ దాకా మా అమ్మ పాదాల గుర్తులు వరసగా ఉన్నాయి. నీళ్లు ఇంకాయి. ఇప్పుడు రోలరు లాగాలి, ఆలస్యమైతే ఆరిపోతుంది. పైన మెట్ల దగ్గర రోలరు నిలపాలంటే అడ్డం పెట్టడానికి ఆ రాయి కావాలి, రాయి తియ్యాలంటే ఆ గ్లాసు ఎత్తాలి. టీ చల్లారి పైన మీగడ కట్టింది. నాకు చేతులు రాలేదు.